అంటుకుపోయిన పుటలు

సోమవారం పొద్దున్న ఇద్దరు మనుషులు, నడవలేని ముసలాయన్ని ఆస్పత్రికి తెచ్చినట్టు, ఆ పుస్తకాన్ని దుప్పటిలో చుట్టి బైండింగు కొట్టుకి మోసుకొచ్చారు. చర్చిలో ప్రసంగ పీఠం మీద ఉండే పెద్ద లేఖన గ్రంథం అది. వెన్ను నిలువునా చీలింది. ముందు అట్ట నాలుగు దారాల మీద వేలాడుతోంది. లోపలి కాగితాలు కొన్ని మడత దగ్గర చిరిగి జారిపోయి, అంచులు మడతపడి, ఫ్యాను వేస్తే ఎగిరిపోయేలా ఉన్నాయి.

“ఆదివారం ఆరాధనకల్లా పీఠం మీద ఉండాలన్నారు అయ్యగారు,” అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. అయ్యగారంటే ఆ చర్చి పాస్టరు.

“ఆరు రోజుల్లోనా?” కొట్టు లోపలినుంచి ఒక ఆడగొంతు వినిపించింది. “ఆరు రోజుల్లో దేవుడు లోకాన్నే చేశాడనుకోండి. ఆయనకి జిగురు ఆరేదాకా కూర్చోవలసిన పని లేదు కదా!”

వచ్చినవాళ్ళు నవ్వలేదు. నవ్వు రాక కాదు. చిన్నవాడి పెదవి అప్పటికే ఒక పక్కకి సాగింది. పెద్దవాడు మోచేత్తో పొడిచేసరికి దాన్ని వెనక్కి లాక్కున్నాడు. ఆ గొంతు బైండరు చెల్లెలిది. పదకొండు నెలల కిందటి తీర్మానం ప్రకారం, ఇంటివాళ్ళు తప్ప సంఘంలో ఎవరూ ఆమెతో మాట్లాడకూడదు. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గర ఆమెకి చోటు లేదు. పద్దెనిమిదేళ్ళు ఆమె పాఠాలు చెప్పిన సండేస్కూలు గదికి ఇప్పుడు తాళం మార్చారు. ఇద్దరూ చెప్పాల్సింది బైండరు మొహం మీదే చూపు నిలిపి చెప్పేసి, దుప్పటి కూడా వదిలేసి వెళ్ళిపోయారు.

బైండరు ఏమీ అనలేదు. ఆయన అనే రకం కాదు. ఏభై ఎనిమిదేళ్ళుగా ఎవరితోనూ పేచీ పడని మనిషి, అలా పడకపోవడమే మంచితనమని గట్టిగా నమ్మిన మనిషి. సంఘ పెద్దల్లో ఒకరు కూడాను. ముందు వరసలో కుడివైపు రెండో కుర్చీ ఆయనది.

చెల్లెలు చేతులు తుడుచుకుంటూ వచ్చి పుస్తకం పక్కన నిలబడింది. ఆయన అట్టలు కోసి అంటిస్తే ఆమె కుడుతుంది. కొట్టు వెనక రెండు గదుల్లో వాళ్ళిద్దరే ఉంటారు. ఆయనకి భార్య పోయింది, ఆమెకి భర్త పోయాడు; పోట్లాడుకోవడానికి ఇంట్లో ఇంకెవరూ మిగల్లేదు.

“మరి దీన్ని నేను కుట్టొచ్చా అన్నయ్యా? మీ తీర్మానం దారానికి కూడా వర్తిస్తుందా?”

“పొద్దున్నే మొదలుపెట్టకు.”

“నా చెయ్యి పడిందని తెలిస్తే మళ్ళీ విప్పించి కుట్టిస్తారేమో. ముందే అడిగి చూడు.”

“నువ్వు కాకపోతే ఎవరు కుడతారే? నా కంటికి సూదిబెజ్జం కనబడి ఎన్నేళ్ళయింది?” అన్నాడు బైండరు.

పని మొదలుపెట్టారు. వెన్నుకి తడి మైదా జిగురు దట్టంగా పట్టించి, అది పాత జిగురుని నానబెట్టేదాకా ఆగి, మొండి కత్తితో నెమ్మదిగా గీకాలి. తొందరపడితే కాగితం కూడా లేచి వస్తుంది. ఆ తరవాత పాత దారాలు ఒక్కొక్కటే తెంపి, ఫారాలు విడదీయాలి. ఫారమంటే కలిపి మడిచిన ఎనిమిది కాగితాల కట్ట. ఇరవై ఆరేళ్ళ కిందట వాళ్ళ నాన్న వేసిన కుట్లు అవి. ఒక్కటీ వదులు కాలేదు. జిగురు ఓడిపోయింది గాని కుట్టు ఓడిపోలేదని చెల్లెలు మురిసిపోయింది.

ఆ చర్చిలో ఒక ఆచారం ఉంది. పుస్తకం బైండింగునుంచి తిరిగొచ్చిన రోజు, దాన్ని బైండు చేసినవాడే పీఠం మీద పెట్టి, తెరిచి, తనకి నచ్చిన పుట ఒకటి పైకి చదవాలి. చెయ్యి అడ్డం పెట్టకుండా పుట నిలుస్తోందా లేదా అని సంఘమంతా కళ్ళారా చూడాలి. అప్పుడు నాన్న చదివాడు. ఇప్పుడు బైండరు వంతు.

“అన్నిటికన్నా చిన్న కీర్తన ఏదో వెతుక్కుంటావు, నాకు తెలియదా,” అంది చెల్లెలు.

నిజానికి ఆయన అప్పటికే వెతికిపెట్టుకున్నాడు. ఫారాలు విడదీస్తూ పోయాడు. హెబ్రీ జనం ఎడారిలో నడిచిన సంగతులున్న భాగం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఒక పుట కింది మూల వేలిముద్రలతో నల్లబడి, అరిగి, గుడ్డలా మెత్తబడిపోయింది. చదవక్కర్లేకుండానే అదేమిటో తెలిసిపోయింది. ఎడారిలో నాయకుడి మీద తిరగబడ్డ మనిషినీ, వాడి గుంపునీ నేల నోరు తెరిచి మింగేసిన కథ. అయ్యగారికి బాగా ఇష్టమైన కథ. సంఘంలో ఎవరు గొంతు పెంచినా ఆ వచ్చే ఆదివారం ఆ పుట తెరుచుకునేది. చెల్లెలి మీద తీర్మానం పెట్టిన రోజు కూడా అదే చదివారు.

చెల్లెలు ఆ నల్లటి మూల వంక చూసింది. “అరిగిపోయేదాకా వాడారు,” అంది. వేళాకోళం లేదు ఆ గొంతులో.

దాని తరవాత కొన్ని కాగితాలు దాటాక బైండరు వేలికి ఒక పుట మందంగా తగిలింది. వెలుతురుకి ఎత్తి చూస్తే అది ఒకటి కాదు, రెండు. ఎప్పుడో కరెంటు పోయినప్పుడు పీఠం మీద పెట్టిన కొవ్వొత్తి కారి ఉంటుంది. మైనం గడ్డకట్టి ఎదురెదురు పుటలు రెండూ ఒకదాన్నొకటి కరుచుకుపోయాయి. ఎన్నేళ్ళనుంచి అలా ఉన్నాయో. ఈ పక్కనుంచి ఆ పక్కకి రోజూ తిప్పుకుపోయారే గాని, మధ్యలో ఏముందో చూడాలని ఎవరికీ అనిపించలేదు.

*

మైనం వదిలించడం మంగళవారం పని. కరిగిన మైనం పీల్చుకోవడానికి కింద ఒక అద్దుడు కాగితం, పైన ఒకటి. ఇస్త్రీపెట్టె చేతికి వెచ్చగా తగిలితే చాలు, అంతకు మించితే అక్షరాలు కందిపోతాయి. చెల్లెలు పెట్టె ఆనించి తీస్తుంటే, బైండరు మైనం మరక పడ్డ అద్దుడు కాగితం తీసేసి కొత్తది పెడుతున్నాడు. ఏడెనిమిదిసార్లు అయ్యాక పైమూల కొద్దిగా లేచింది. ఆమె మొండి కత్తి లోపలికి దూర్చి, కాగితం చిరక్కుండా రెండింటినీ విడదీసింది.

లోపలి పుటలు నిన్ననే అచ్చయినట్టు తెల్లగా ఉన్నాయి.

చెల్లెలు కళ్ళజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టింది. ముందు పెదవులతోనే చదివింది. తరవాత కుర్చీ వెనక్కి తోసి లేచి నిలబడింది. సండేస్కూల్లో ఆమె ఎప్పుడూ కూర్చుని చెప్పేది కాదు.

“విను అన్నయ్యా. ఐదుగురు అక్కచెల్లెళ్ళు. నాన్న ఎడారిలోనే పోయాడు. అన్నదమ్ములు లేరు. కొడుకుల్లేరని నాన్నకి రావలసిన నేల ఎవరికీ రాకుండా పోతోంది, నాన్న పేరే తుడిచిపెట్టుకుపోతోంది. ఐదుగురూ కలిసి దేవుడి గుడారం గుమ్మం దగ్గరికి వెళ్ళారు. నాయకుడి ముందు, యాజకుడి ముందు, మొత్తం జనం ముందు నిలబడ్డారు. ఇది అన్యాయం, మాకూ ఇవ్వండి అని అడిగారు.”

“అడిగితే?”

“నాయకుడికి కోపం రాలేదు. జవాబు తెలియదనిపించింది కాబోలు. వెళ్ళి దేవుణ్ణి అడిగాడు. దేవుడేమన్నాడో తెలుసా? ఆ ఆడపిల్లలు చెప్పింది నిజమే, ఇచ్చెయ్ అన్నాడు.” ఆమె వేలు వెనక్కి జరిగి పై వాక్యం దగ్గర ఆగింది. “ఇది చూడు. అడిగే ముందే చెప్పుకున్నారు పాపం. మా నాన్న ఆ తిరగబడ్డవాడి గుంపులో మనిషి కాదు అని. ఆ నేల మింగేసిన వాడే. న్యాయం అడగడానికి వచ్చి, ముందుగా మేం వాడి తాలూకు కాదు అని చెప్పుకోవలసి వచ్చింది. అప్పటికే ఉందన్నమాట ఆ భయం.”

నవ్వబోయింది. నవ్వు సగంలోనే తడబడింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, మైనం ఆవిరి పట్టిందని అంది. ఇస్త్రీపెట్టె అప్పటికే చల్లారిపోయింది.

బైండరు ఆ తెల్లటి పుటల వంక చూస్తూ కూర్చున్నాడు. చెల్లెలు ఆ రోజు ఏం పెద్ద తిరుగుబాటు చేసిందని? రొట్టెల కొట్టు అమ్మాయికి పుట్టిన రెండు నెలల పసివాడు జ్వరం వచ్చి పోయాడు. చిన్న శవపెట్టె చర్చి మధ్యలో పెట్టుకుని, ఆ తల్లి ఎదురుగా ఉండగానే, అయ్యగారు పీఠం మీదనుంచి అన్నాడు: తల్లి ఉపవాస ప్రార్థనలు మానేసింది, అందుకే దేవుడు బిడ్డని తీసుకున్నాడు. చెల్లెలు మూడో వరసలోంచి లేచింది. “అయ్యగారూ, ఆ మాట మీకు దేవుడు చెప్పాడా? చెప్పకపోతే వెనక్కి తీసుకోండి,” అంది. అరవలేదు. అంతే. ఆ మరుసటి ఆదివారం తీర్మానం పెట్టారు. అనుకూలంగా ఉన్నవాళ్ళు చెయ్యి ఎత్తండి అన్నారు. ముందు వరసలో మొదటి చెయ్యి ఇంకో సంఘ పెద్దది, గడియారాలు బాగుచేసే ఆయనది. రెండోది బైండరుది.

ఆమె అప్పుడు ఏడవలేదు. అన్నయ్య చెయ్యి వంకే చూసింది. ఇంటికి వచ్చాక ఆ సంగతి ఎత్తనూ లేదు. ఎత్తి నాలుగు తిట్టి ఉంటే ఆయనకి ఈ పదకొండు నెలలూ అన్నం సయించేది.

*

గురువారం మధ్యాహ్నం అట్టలకి తోలు అంటించి, నొక్కే మరలో బిగించి, ఆరబెట్టి, బైండరు చర్చి వెనక గదికి వెళ్ళాడు. దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూనే ఉన్నాడు. గుమ్మం ఎక్కేసరికి ఒక్కటీ మిగల్లేదు.

అయ్యగారు కిటికీ దగ్గర నిలబడి చెంచాలో మాత్ర నలుపుతున్నాడు. పక్కగదిలో మంచం పట్టిన వాళ్ళమ్మ ఉంది. ఆయన కళ్ళజోడు పుల్లకి దారం కట్టి ఉంది. బైండరు భార్య చివరి రోజుల్లో తొమ్మిది రోజులు వరసగా వచ్చి, మంచం పక్కన కూర్చుని, వాంతి గిన్నె పట్టుకున్న చేతులవి. చెడ్డవాడైతే ఎంత బాగుండును, ఎదురు చెప్పడం ఎంత తేలికయ్యేది అనిపించింది బైండరుకి.

“రండి రండి. పుస్తకం ఎంతవరకు వచ్చింది?” లోపలికి వెళ్ళి మందు పట్టించి వచ్చి, ఫ్లాస్కులోంచి రెండు కప్పుల టీ వంచాడు అయ్యగారు.

“రేపటికి ఆరుతుందండి. అందులో రెండు పుటలు అంటుకుపోయి ఉన్నాయి. విడదీశాం.”

“సంతోషం.”

“ఆ ఐదుగురు అక్కచెల్లెళ్ళ కథండి. అడిగారని నాయకుడు కోప్పడలేదు. దేవుడు కూడా వాళ్ళు చెప్పిందే నిజమన్నాడు.” బైండరు కప్పు చేతిలో తిప్పుతున్నాడు. “మా చెల్లెలు కూడా అడిగిందే గాని… ఎదురు తిరగలేదండి. మన తీర్మానం తప్పేమో అని.”

అయ్యగారు ఆయన వంక చూశాడు. కోపంగా కాదు, నొచ్చుకున్నట్టు. “ఈ పుటలు నేనే అంటించినట్టు చెబుతున్నారే!”

“అయ్యో, లేదండి. కొవ్వొత్తి.”

“నేను ఆ తల్లిని అన్నది ఆమె మంచికే బైండరుగారూ. ఆమె మారాలని. లేఖనంలో లేనిదేం అనలేదు. రాజు పాపం చేస్తే బిడ్డ చనిపోలేదా? మరి మీరు ఆ రోజు చెయ్యి ఎత్తారు కదా. అప్పుడు తెలియదా మీకు?”

బైండరు కప్పు కింద పెట్టాడు. “ఎత్తానండి. అందుకే వచ్చాను.”

“సంఘం ముందు నేను ఒక్కసారి వెనక్కి తగ్గితే రేపటినుంచి ప్రతి మాటకీ లేచి నిలబడతారు. మందని ఎలా కాయను? ఆమెని రమ్మనండి. పెద్దల ముందు తప్పయిందని ఒక్కమాట అనమనండి. ఆ నిమిషంలోనే బల్లకి పిలుస్తాను.”

“తప్పు చెయ్యలేదు కదండీ,” అన్నాడు బైండరు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

అయ్యగారు లేచి కప్పులు తీసేశాడు. “ఆదివారం ఏదైనా కీర్తన చదవండి. కాపరిది చదవండి, అందరికీ నోటికి వచ్చు,” అన్నాడు మెత్తగా.

ఒంటరిగా చెప్పాడు, వినలేదు. ఇంకొకరిని వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాలనుకుని, శుక్రవారం గడియారాలాయన దగ్గరికి పోయాడు. ఆయన కంటికి భూతద్దం బిగించుకుని, ఒక చేతిగడియారం పొట్ట విప్పి కూర్చున్నాడు. కథంతా విన్నాడు. విన్నాక, తనకి ఈమధ్య చెవులు సరిగ్గా పనిచేయడం లేదనీ, ఆ రోజు అయ్యగారు ఏమన్నాడో అసలు వినబడనే లేదనీ చెప్పాడు.

“వినబడకుండానే చెయ్యి ఎత్తావా?” అన్నాడు బైండరు.

“నువ్వు విని ఎత్తావు కదా, నాకంటే గొప్పా?” అని గడియారాలాయన మళ్ళీ పనిలో తలదూర్చాడు.

*

ఆదివారం ఆయన పుస్తకాన్ని రెండు చేతుల మీదా పట్టుకుని నడిచాడు. కొత్త తోలు వాసన వరసల్లోకి పాకింది. పీఠం మీద పెట్టాడు. అయ్యగారు పక్కనున్న ఎత్తు కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, కాపరి కీర్తన కోసం సిద్ధంగా ఉన్నాడు.

బైండరు పుస్తకం తెరిచాడు. పుట అటూ ఇటూ లేవకుండా సాఫీగా పడుకుంది. చెయ్యి అడ్డం పెట్టాల్సిన అవసరం లేకపోయింది. చదవడం మొదలుపెట్టాడు. ఐదుగురు ఆడపిల్లల పేర్లు ఒక్కొక్కటీ తడుముకుంటూ చదివాడు. మొదటి పేరుకే అయ్యగారి కళ్ళు తెరుచుకున్నాయి. వెనక వరసల్లో ఒకరిద్దరు తమ పుస్తకాల్లో ఆ చోటు వెతుక్కుంటున్న చప్పుడు వినిపించింది. దేవుడు ఆ పిల్లలు చెప్పింది నిజమన్న చోటికి వచ్చి ఆపాడు.

అక్కడితో దిగిపోవచ్చు. ఆచారం తీరిపోయింది. దిగలేదు.

“పదకొండు నెలల కిందట నేను మీ అందరి ముందు చెయ్యి ఎత్తాను,” అన్నాడు. “మా చెల్లెలు అడిగింది తప్పని ఎత్తాను. ఆమె మా ఇంటి మనిషి గనక నేను భయపడ్డాను, నన్ను కూడా అదే గుంపులో కడతారని. అది తప్పు. అయ్యగారి మీద నాకు కోపం లేదు. మా ఇంటికి ఆయన చేసిన మేలు నేను మరిచిపోను. కానీ ఆ తీర్మానం తప్పు. నా చెయ్యి నేను దించేసుకుంటున్నాను.”

చెప్పాక గమనించాడు, కుడిచెయ్యి నిజంగానే భుజం దాకా లేచి ఉంది. దాన్ని ఏం చెయ్యాలో తెలియక, ఇంట్లో మరిచిపోయి వచ్చిన వస్తువులా చూసి, కిందికి దించాడు.

వాద్యం వాయించే ఆవిడ ఏదో ఒక పాట మొదలుపెట్టి, అది కాదనుకుని ఆపేసింది. అంతలో ముందు వరసలో గడియారాలాయన లేచాడు. ఆయన లేచింది బయటికి వెళ్ళిపోవడానికే అనుకున్నారు అందరూ. “నాదీ దించాను,” అని చెప్పి కూర్చున్నాడు. తరవాత మరో నలుగురు, కూర్చున్నచోటునుంచే, చెప్పీ చెప్పనట్టు అన్నారు. అయ్యగారు ఒళ్ళో చేతుల వంక చూసుకున్నాడు. ఆ వేళ ప్రసంగం చిన్నదైపోయింది.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఆయన బైండరు చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది. “మీ చెల్లెల్ని వచ్చే వారం రమ్మనండి. క్షమాపణా అదీ ఏం అక్కర్లేదు. ఇంక ఆ సంగతి ఇంతటితో వదిలేద్దాం.”

బైండరు ఇంటిదాకా ఇంచుమించు పరిగెత్తాడు. ఆ వయసులో ఆ మనిషి అలా పోతుంటే ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందనుకున్నారు దారిలోవాళ్ళు.

చెల్లెలు కొట్టులో మిగిలిన దారాలకి మైనం రాస్తూ కూర్చుంది. ఆయన నిలబడే చెప్పాడు. గడియారాలాయన లేచిన సంగతి రెండుసార్లు చెప్పాడు. తన చెయ్యి లేచి ఉండిపోయిన సంగతి చెప్పినప్పుడు ఆమె నవ్వింది. లేచి వచ్చి, ఆ చెయ్యి తీసుకుని రెండు చేతుల్లో పెట్టుకుంది. “చాలా కష్టమైంది కదా నీకు,” అంది. ఆయన కళ్ళు చెమర్చాయి.

“వచ్చే వారం రమ్మన్నారు. నీ గది తాళం కూడా ఇచ్చేస్తారు చూడు.”

“మరి రొట్టెల కొట్టు అమ్మాయి గురించి ఏమన్నారు?”

“ఆ అమ్మాయి గురించా?”

“ఆయన ఆ రోజు అన్న మాట గురించి. వెనక్కి తీసుకున్నారా?”

“ఇంతటితో వదిలేద్దాం అన్నారు.”

“నువ్వేమన్నావు?”

బైండరు ఏమీ అనలేదు. గుమ్మం దగ్గరా అనలేదు, పీఠం మీదా అనలేదు, గురువారం టీ తాగుతూ కూడా అనలేదు. అయ్యగారు ఆమె మంచికే అన్నానంటే, దాన్ని దాటేసి చెల్లెలి మాట ఎత్తుకున్నాడు. రాజు బిడ్డ సంగతి ఎత్తితే నోరు మూసుకున్నాడు. అదంతా ఇప్పుడు చెల్లెలికి చెప్పాడు.

ఆమె ఆయన చెయ్యి వదిలేసింది. విసురుగా కాదు.

“రాజుకి ఆ మాట చెప్పిన ప్రవక్తని దేవుడు పంపాడు అన్నయ్యా. అతను వెళ్ళింది సింహాసనం మీద కూర్చున్నవాడి దగ్గరికి, తల తీయించగలవాడి దగ్గరికి. పెట్టె పక్కన కూర్చున్న పచ్చి బాలింతరాలి మీదికి కాదు. అయినా ఆ రాజు ఏమన్నాడు? తప్పు చేశాను అన్నాడు. సింహాసనం ఏమీ విరిగిపోలేదు.” ఆమె దారం చుట్ట తీసి, మళ్ళీ కింద పెట్టేసింది. “నేను ఆ రోజు నా కుర్చీ కోసం లేచానా? నా కుర్చీ నాకు అప్పుడు ఉంది. ఆ పిల్ల కోసం లేచాను. నువ్వు ఇవాళ నా కోసం లేచావు. మంచిదే. నాకు సంతోషమే, లేదని ఎందుకంటాను? కానీ ఆ పిల్ల కోసం ఇంతవరకు ఎవరు లేచారు?”

“నీకు బల్ల అక్కర్లేదా?”

“ఎందుకు అక్కర్లేదు! పదకొండు నెలలుగా ఆదివారం వస్తే నా కడుపులో ఎలా ఉంటుందో నీకేం తెలుసు?” ఆమె మైనం ముక్క తీసి పక్కన పెట్టింది. “కానీ ఆ మాట అక్కడ అలా ఉండగా నేను వెళ్ళి రొట్టె ముక్క చేతిలోకి తీసుకోలేను. దాన్ని మింగలేను.”

*

రొట్టెల కొట్టు వీధి చివర. ఆదివారం మధ్యాహ్నానికి బేరం అయిపోతుంది. బైండరు వెళ్ళేసరికి ఆ అమ్మాయి ఖాళీ ట్రేలు గుడ్డతో తుడిచి ఒకదాని మీద ఒకటి పెడుతోంది. ఇరవై ఆరేళ్ళుంటాయి. వెనక గదిలోంచి పిండి బల్లకేసి కొడుతున్న చప్పుడు వస్తోంది. వాళ్ళాయన రేపటి పిండి పిసుకుతున్నాడు.

“అయిపోయాయి బాబాయ్‌గారూ. రేపు పొద్దున్న రండి.”

“రొట్టె కోసం కాదమ్మా.”

ఆమె గుడ్డ ఆపి చూసింది. బైండరు బల్ల అంచు పట్టుకున్నాడు. ఈసారి దారిలో మాటలేమీ కూర్చుకోలేదు.

“నీ బిడ్డ నీ వల్ల పోలేదమ్మా. ఆ రోజు అయ్యగారు అన్నది తప్పు. దేవుడు ఆయనకి ఆ మాట చెప్పలేదు. నేను ముందు వరసలోనే ఉన్నాను, విన్నాను, ఊరుకున్నాను. రేపు ఆయనకి కూడా చెబుతాను, ఆయన ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. ముందు నీకు చెప్పాలని వచ్చాను.”

ఆమె గుడ్డ మళ్ళీ కదిపింది. తుడిచిన ట్రేనే మళ్ళీ తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ అంది, “రోజూ వస్తారు కదా బాబాయ్‌గారూ మీరు.”

“వస్తానమ్మా.”

“పదకొండు నెలలనుంచీ రోజూ వస్తున్నారు. రోజూ అడుగుతారు, ఇవాళ్టి రొట్టేనా, నిన్నటిదా అని. నేను చెబుతాను. తీసుకుని వెళ్ళిపోతారు.”

ఆయన తల వంచుకున్నాడు. తిట్టి ఉంటే ఎక్కడో ఒకచోట పట్టుకుని నిలబడేవాడు.

“టీచరమ్మ ఒక్కతే చెప్పింది,” అంది ఆమె. “ఆవిణ్ణి వెళ్ళగొట్టారు. ఆవిణ్ణి వెళ్ళగొట్టారు గనక అయ్యగారు అన్నదే నిజమని మా ఆయన నమ్మేశారు. అంతమంది పెద్దలు చేతులెత్తారు, ఊరికే ఎత్తుతారా అంటారు.” ఆమె వెనక గది వైపు చూడలేదు, గొంతు మాత్రం తగ్గించింది. “ఆ రోజునుంచి ఈయన నా మొహం చూసి మాట్లాడింది లేదు. పిండి, ఉప్పు, పొయ్యి. అంతే మా మాటలు.”

లోపల పిండి చప్పుడు ఒక లయలో సాగుతూనే ఉంది.

“నాకు చెప్పక్కర్లేదు బాబాయ్‌గారూ. నాకు తెలుసు. చాలా రోజులు తెలియలేదు, తరవాత తెలిసింది.” ఆమె బల్లకున్న పలక ఎత్తి పట్టుకుని, దారి ఇచ్చింది. “లోపల ఉన్నారు. ఆయనకి చెప్పండి.”

బైండరు వంగి లోపలికి వెళ్ళాడు. గది వేడిగా ఉంది. ఆ అబ్బాయి వీపు ఇటు, మోచేతుల దాకా పిండి. అడుగుల చప్పుడు విన్నా తిరగలేదు.

“అబ్బాయ్,” అన్నాడు బైండరు. “చేతులెత్తిన పెద్దల్లో నేనొకణ్ణి. ఊరికే ఎత్తాను. భయపడి ఎత్తాను. మీ ఆవిడ ఏ తప్పూ చెయ్యలేదు. పిల్లవాడికి జ్వరం వచ్చింది, పోయాడు. అంతే జరిగింది.”

పిండిలో చేతులు ఆగిపోయాయి.

“మళ్ళీ చెప్పండి,” అన్నాడు అతను.

బైండరు మళ్ళీ చెప్పాడు. రెండోసారి ఇంకా కష్టమైంది.

అతను నెమ్మదిగా తిరిగాడు. మొహం చెమటతోనూ, ఇంకా దేనితోనో తడిసి ఉంది. “ఆ రోజే ఎందుకు చెప్పలేదండీ మీరు?” అన్నాడు. బైండరు జవాబు కోసం వెతుక్కున్నాడు గాని, అతను అది వినడానికి ఆగలేదు. ఆయన భుజం మీదుగా, పలక ఎత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయిన భార్య మొహం వంక చూస్తున్నాడు.